ప్లేస్టేషన్ 1 నాటి కారు రేసు ఆట గ్రాన్ టురిస్మో ఇప్పుడు ఆడితే ఎందుకు చిరాకుగా ఉంటుంది? ఆట పాతబడిపోయిందా?

పాతబడలేదు. మీ ప్రశ్నలో మూడు ఫిర్యాదులున్నాయి: ఎల్ఈడీ టీవీకి తగిలించి ఆడితే బ్రేకు నొక్కాక బండి ఆలస్యంగా ఆగుతోందని, మలుపులో అదుపు తప్పి గోడకు కొడుతోందని, రోడ్డు మీద గీతలు వణుకుతున్నాయని. మూడోది ఒక్కటే ఆట తాలూకు లోపం, అది కూడా నిజానికి ఆ యంత్రానిది. మొదటి రెండూ మీ టీవీ వల్ల, కంట్రోలర్ పట్టుకునే పద్ధతి వల్ల వచ్చినవి. ఈ రెండూ సరిచేయకుండా 1997 నాటి ఆట మీద తీర్పు చెప్పడం అన్యాయం. కోటీ 8 లక్షలకు పైగా అమ్ముడై ప్లేస్టేషన్ 1 మీద అగ్రస్థానంలో నిలిచిన ఆట ఇది. దీని సృష్టికర్త కజునోరి యమవుచి బృందం దీని మీద ఐదేళ్ళు కూర్చుంది.

ముందు టీవీ సంగతి. ప్లేస్టేషన్ 1 పంపే బొమ్మ దాదాపు 240 గీతలది. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీసేస్తుంది. ఎల్ఈడీ టీవీ అలా చేయదు. పసుపు పిన్నులోంచి వచ్చిన సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చాలి, పెద్ద తెరకు సాగదీయాలి, పైగా చాలా టీవీలు ఈ 240 గీతల బొమ్మను 480 గీతల ఇంటర్లేస్డ్ బొమ్మగా, అంటే సగం సగం గీతలుగా రెండు విడతల్లో వచ్చే బొమ్మగా పొరబడి, ఆ రెండేసి విడతలను కలపడానికి చూస్తాయి. ఆ పనంతా అయ్యేసరికి సెకనులో పదో వంతు గడిచిపోవచ్చు. సినిమా చూసేవాళ్ళకు అది లెక్కలోకి రాదు. రేసులో లెక్క వేరు. గంటకు 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 55 మీటర్లకు పైమాటే. సెకనులో పదో వంతు ఆలస్యమైతే, తెర మీద మీకు కనిపించే చోటు కంటే బండి అప్పటికే ఐదున్నర మీటర్లు ముందుంటుంది. ఆటలోని గ్రాండ్ వ్యాలీ ట్రాక్‌లో పొడవాటి స్ట్రెయిట్ చివర ఆ ఐదున్నర మీటర్లే మలుపు దొరకడానికీ ఇసుకలోకి పోవడానికీ తేడా.

ఆలస్యానికి అలవాటు పడొచ్చు కదా అని కొందరంటారు. బ్రేకు విషయంలో పడొచ్చు, కొంచెం ముందు నొక్కితే సరిపోతుంది. స్టీరింగ్ విషయంలో కుదరదు. వెనక చక్రాలు జారడం మొదలైన క్షణంలోనే ఎదురు తిప్పాలి. ఆ జారుడు మీకు ఆలస్యంగా కనిపిస్తే, మీరు తిప్పేసరికి బండి ఇంకా పక్కకు పోయి ఉంటుంది, మీ దిద్దుబాటు ఎక్కువైపోయి రెండో వైపు విసురుతుంది. మీరు చెప్పిన గోడకు కొట్టడం ఇదే.

అన్నిటికంటే తేలిక మందు పాత డబ్బా టీవీ. సెకండ్ హ్యాండ్ షాపుల్లో, స్క్రాప్ షాపుల్లో 21 అంగుళాలవి ఇంకా దొరుకుతున్నాయి. కొనేముందు ఒకటి చూసుకోవాలి: మీ కన్సోలు, డిస్కు జపాన్‌వో అమెరికావో అయితే సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది. మన దగ్గరి పాల్ పద్ధతి ఒక్కటే తెలిసిన టీవీలో బొమ్మ నలుపు తెలుపుగా వస్తుంది, లేదా పైకీ కిందకీ దొర్లుతుంది. 2000 తర్వాత మన దగ్గర అమ్మిన చాలా సెట్లు రెండూ పడతాయి, మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటోలో పెడితే చాలు. ఇక యూరప్ పాల్ డిస్కు 50 హెర్ట్జ్‌ది, ఎన్‌టీఎస్‌సీ డిస్కు 60 హెర్ట్జ్‌ది. ఆట అందులో సగం సార్లే కొత్త బొమ్మ గీస్తుంది. రేసులో బొమ్మ సెకనుకు 25 సార్లు మారడానికీ 30 సార్లు మారడానికీ తేడా కంటికి తెలుస్తుంది. అవకాశముంటే ఎన్‌టీఎస్‌సీ డిస్కునే వెతకండి.

డబ్బా టీవీ పెట్టుకునే చోటు లేకపోతే రంగులను విడివిడిగా పంపే ఆర్‌జీబీ స్కార్ట్ కేబుల్, దానికి ఓఎస్ఎస్‌సీ లాంటి లైన్ డబ్లర్ పెట్టె కొనండి. అది గీతను గీతగానే రెట్టింపు చేసి పంపుతుంది, మొత్తం బొమ్మను ఆపి ఉంచుకోదు, కాబట్టి ఆలస్యం దాదాపు ఉండదు. టీవీలో గేమ్ మోడ్ పెట్టడం మరిచిపోవద్దు. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు అమ్మే ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బీలు మాత్రం దయచేసి కొనొద్దు. అవి చేసేది టీవీ చేసే తప్పే, ఇంకాస్త నాసిగా. "రెట్రో గేమింగ్‌కు బెస్ట్" అని వాటికి ఐదు నక్షత్రాలిచ్చే రివ్యూలు చూస్తే కడుపు మండుతుంది. ఆ డబ్బీ పెట్టుకుని, ఆట బాగోలేదని పక్కన పడేసిన వాళ్ళెందరో.

కన్సోలు విషయం క్లుప్తంగా. జపాన్ ప్లేస్టేషన్ 100 వోల్టులది. తిన్నగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పవర్ సప్లై కాలిపోతుంది, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. 2000లో వచ్చిన చిన్న తెల్ల పీఎస్ వన్ మోడల్‌కు ఆ గొడవ లేదు, అది బయటి అడాప్టర్‌తో 7.5 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. సరిపడా ఆంపియర్లు, సరైన పొలారిటీ ఉన్న అడాప్టర్ ఇక్కడే దొరుకుతుంది. డిస్కు సరిగ్గా చదువుతోందో లేదో తెలుసుకోవడానికి ఆట మొదట్లో వచ్చే వీడియో చూడండి. అది ఆగకుండా డిస్కు నుంచి వస్తూనే ఉండాలి కాబట్టి డిస్కు చదివే లేజర్ బలహీనపడితే ముందు అక్కడే తడబడుతుంది. తొలి మోడళ్ళలో లేజర్ పవర్ సప్లై పక్కనే వేడిలో ఉండేది, అది జరిగే ప్లాస్టిక్ పట్టా అరిగిపోయేది, అందుకే జనం కన్సోలును తలకిందులుగా పెట్టి ఆడేవారు. లెన్సును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో సుతారంగా తుడవండి. దాంతో కుదరకపోతే కేఎస్ఎం-440 వరుసలో మీ మోడల్‌కు సరిపోయే లేజర్ కొని మార్చండి. లేజర్ పక్కనుండే చిన్న స్క్రూ తిప్పి పవర్ పెంచమని చెప్పే మెకానిక్ దగ్గరికి మాత్రం పోవద్దు, అలా చేస్తే నాలుగు రోజులు బాగా చదివి తర్వాత పూర్తిగా పోతుంది. మన ఊళ్ళలో అప్పట్లో తిరిగినవి చాలావరకు కాపీ సీడీలు ఆడేలా చిప్ వేసిన కన్సోళ్ళు, రైట్ చేసిన సీడీలు. ఆ సీడీలు అసలు డిస్కు కంటే తక్కువ వెలుతురు తిప్పి పంపుతాయి, ముసలి లేజరుకు అవి ఇంకా కష్టం.

ప్లేస్టేషన్ 2 ఉంటే అది ఇంకా మంచిది. ప్లేస్టేషన్ 1 డిస్కులు ఆడుతుంది, కాంపొనెంట్ కేబుల్‌తో శుభ్రమైన బొమ్మ ఇస్తుంది. కాకపోతే సేవ్ చేయడానికి ప్లేస్టేషన్ 1 మెమరీ కార్డే పెట్టాలి. అందులో ఉండేవి 15 బ్లాకులు, రీప్లేలు దాచుకుంటూ పోతే అవి ఇట్టే నిండిపోతాయి.

రోడ్డు గీతల వణుకు గురించి. ప్లేస్టేషన్ 1 బొమ్మలోని ప్రతి మూలనూ పూర్తి సంఖ్య దగ్గరికి జరిపి గీస్తుంది, పిక్సెల్‌లో సగం, పావు అనే లెక్క దానికి లేదు. రోడ్డు మీద, గోడల మీద అతికించే బొమ్మను (టెక్స్చర్‌ను) దూరాన్ని బట్టి సరిచేసే పద్ధతీ లేదు. అందుకే కెమెరాకు దగ్గరగా ఉన్న రోడ్డు మెలికలు తిరుగుతుంది. చిన్న డబ్బా టీవీలో ఇది కంటికి ఆనదు, పెద్ద తెర మీద భూతద్దంలో పెట్టినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్‌లో ప్లేస్టేషన్‌ను అనుకరించే డక్‌స్టేషన్ ఎమ్యులేటర్ వాడేవాళ్ళు, మూలలను కచ్చితంగా లెక్కకట్టే పీజీఎక్స్‌పీ ఆన్ చేస్తే వణుకు చాలావరకు పోతుంది. తర్వాతి బొమ్మను ముందే లెక్కకట్టే రన్ అహెడ్ ఒక ఫ్రేమ్ పెడితే ఆలస్యం కూడా తగ్గుతుంది. బొమ్మను వెడల్పు చేసే వైడ్‌స్క్రీన్ హ్యాక్ మాత్రం పెట్టకండి. ఆట గీయాలనుకున్న పరిధి దాటి చూపించేసరికి తెర అంచుల్లో చెట్లు, గోడలు ఉన్నట్టుండి పుట్టుకొస్తాయి, మలుపులోకి చూసే కన్ను చెదురుతుంది.

ఇక కంట్రోలర్. డిజిటల్ బాణాలతో ఆడితే స్టీరింగ్ అంటే తిప్పు, వదులు, అంతే. రెండు అనలాగ్ కర్రలుండే డ్యూయల్‌షాక్ కంట్రోలర్‌తో ఈ ఆట మొదట్నుంచీ పనిచేస్తుంది. అనలాగ్ లైటు వెలిగించి ఎడమ కర్రతో స్టీరింగ్ తిప్పండి. ఆప్షన్లలోకి వెళ్ళి యాక్సిలరేటర్, బ్రేకు కుడి కర్రకు మార్చండి: పైకి నెడితే పికప్, కిందికి లాగితే బ్రేకు. మొదట చేతికి అడ్డంగా అనిపిస్తుంది, కానీ సగం బ్రేకు, పావు పికప్ దొరికేది అక్కడే. పాత నామ్కో నెజ్‌కాన్ కంట్రోలర్ మధ్యలో మెలితిప్పేది, దాని మూడు బటన్లు ఎంత లోతుకు నొక్కితే అంత పలుకుతాయి. అది దొరికితే వదలకండి, ఈ ఆటకు దాన్ని మించింది లేదు.

ఇవన్నీ అయ్యాక నేరుగా రేసుల్లోకి దూకకండి. లైసెన్స్ పరీక్షల్లోకి వెళ్ళండి. బి, ఎ, ఇంటర్నేషనల్ ఎ, ఒక్కో దాంట్లో 8 పరీక్షలు. వీటిని ఎవరో బలవంతంగా పెట్టిన హోంవర్కులా చూస్తారు, నా దృష్టిలో అసలు ఆట ఇదే. బి-1 తీసుకోండి: ఆగి ఉన్న బండిని 400 మీటర్లు పరిగెత్తించి గీసిన పెట్టెలో నిలపాలి. చూడ్డానికి ఏమీ లేదు. కానీ బంగారు పతకం కావాలంటే చివరి క్షణం దాకా పికప్ వదలకూడదు, బ్రేకు ఒక్కసారే పడాలి. చివర్లో వేగం గంటకు 130 ఉందనుకోండి, అంటే సెకనుకు 36 మీటర్లు, బ్రేకు కాస్త అటూ ఇటూ అయినా పెట్టె తప్పుతుంది. ముందుగా టైర్ల శబ్దం వినండి. సన్నగా కీచుమంటే పట్టు ఇంకా ఉంది. గట్టిగా ఒకే స్వరంలో అరిస్తే పట్టు దాటిపోయింది. రోడ్డు పక్కన కదలని వస్తువు ఏదో ఒకటి, బోర్డో కంచె చివరో, బ్రేకు గుర్తుగా పెట్టుకోండి. పెట్టె దాటిపోతే తర్వాతి సారి ఆ గుర్తుకు ఒక బండి పొడవు ముందు నొక్కండి. పెట్టెకు ఇవతలే ఆగితే ఆ గుర్తు దాటి ఒక బండి పొడవు పోయాక నొక్కండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఈ పద్ధతి ఒంటబట్టినవాడికి ఆటలోని ప్రతి మలుపూ బి-1కి పెద్దన్నే.

మలుపులో చేసే తప్పు దాదాపు అందరిదీ ఒకటే: బ్రేకు, స్టీరింగ్ రెండూ కలిపి నొక్కడం. ముందు టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, దాన్ని బ్రేకు తినేస్తే తిరగడానికి మిగలదు, బండి తిన్నగా పోతుంది. తిన్నగా ఉండగానే బ్రేకు వేయండి, తిప్పడం మొదలెడుతూ మెల్లగా వదలండి, బండి ముక్కు మలుపు లోపలి అంచుకు చేరాకే పికప్ ఇవ్వండి. ముందు చక్రాలతో నడిచే హోండా లాంటి బండ్లలో తొందరపడి పికప్ ఇస్తే బయటికి తోసుకుపోతుంది. మధ్యలో ఇంజను ఉన్న బండ్లలో మలుపు నడుమ పికప్ ఠక్కున వదిలితే వెనక భాగం తిరిగిపోతుంది.

గోడకు ఆనుకుని మలుపు తిరిగే అలవాటు చాలామందిది, బండికి డ్యామేజీ లేదు కదా అని. గెలవడానికి అది పనికొస్తుందేమో, ఆట మాత్రం ఒంటికి రాదు. అలాగే ఇంటర్నెట్‌లో దొరికే నూరు శాతం పూర్తయిన సేవ్ ఫైలు వేసుకుని "అన్నీ చూసేశాను" అనేవాళ్ళు చూసింది గ్యారేజీ ఒక్కటే.

మొదట చేతిలో ఉండేవి 10,000 క్రెడిట్లు. కొత్త బండి మీద పోయకుండా సెకండ్ హ్యాండ్ లాటు తిరగండి, రోజులు గడిచేకొద్దీ అక్కడి సరుకు మారుతుంటుంది. తేలికపాటి, వెనక చక్రాలతో నడిచే బండి ఉంటే అదే తీసుకోండి. గెలిచిన డబ్బుతో అందరూ ముందు టర్బో కొంటారు, అది తలకిందుల వరుస. ముందు మంచి టైర్లు, తర్వాత బరువు తగ్గింపు, తర్వాత సస్పెన్షన్, ఇంజను ఆఖర్న. టైరు పట్టు ప్రతి మలుపులో పనిచేస్తుంది, హార్స్‌పవర్ స్ట్రెయిట్‌లోనే. పూర్తిగా సెట్ చేసుకోగల గేర్ బాక్స్ కొన్నాక ఫైనల్ గేర్ ఒక్కటి ముట్టుకోండి చాలు: ట్రాక్‌లో అన్నిటికంటే పొడవైన స్ట్రెయిట్ చివర టాప్ గేరులో సూది సరిగ్గా ఎర్ర గీత తాకాలి. ముందే తాకితే నిష్పత్తి తగ్గించండి, అసలు తాకకపోతే పెంచండి, పికప్ దానంతటదే వస్తుంది.

చివరగా గ్రాండ్ వ్యాలీ 300 కిలోమీటర్ల రేసు. 60 ల్యాపులు, మధ్యలో సేవ్ లేదు. ల్యాపుకు రెండు నిమిషాలనుకున్నా రెండు గంటలు. టైర్లు అరుగుతాయి. నాలుగింటిలో ఒక్కదాని గుర్తు రంగు మారి ఎర్రవైపు వెళ్తోందంటే, ల్యాపు టైము దెబ్బతినకముందే టైర్లు మార్చే పిట్‌లోకి రండి. అరిగిన టైర్లతో ఇంకో రెండు ల్యాపులు లాగితే పిట్‌లో పోయే సమయం కంటే ఎక్కువే పోతుంది. సాయంత్రం కరెంటు పోయే ఊరైతే కన్సోలునూ టీవీనీ రెండిటినీ యూపీఎస్ మీద పెట్టాకే మొదలుపెట్టండి.