పాత ఆల్టో బానెట్ తెరిస్తే ఏది ఏమిటో తెలియడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ మామయ్య దగ్గర తీసుకున్న 2006 ఆల్టోని బెంగళూరులో నడుపుతున్నారు, చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకోవాలని ఉంది, కానీ బానెట్ ఎత్తితే అంతా పేగుల కుప్పలా కనిపిస్తోంది అన్నారు. నాదీ అదే బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. మొదట్లో నేనూ వీడియోలు చూసి ఇది ఫలానా, అది ఫలానా అని బట్టీ పట్టాను. బండి ముందు నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇంజన్ చూడటం నాకు నేర్పింది బాగేపల్లిలో ఒక పంక్చర్ షాపాయన. ఓ వేసవిలో అనంతపురం వెళ్తుంటే అక్కడికొచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీతని తాకింది. పక్కకు ఆపి, నీళ్ల సీసా పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాను. ఎదురు షాపులోంచి కేక వినిపించింది. ఊరు కర్ణాటకదైనా మాట తెలుగే: "మూత తియ్యొద్దు సామీ, మొగం కాల్తాది!"

ఆ మూత కింద నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, అందుకే 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులు చేయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి పైకి ఎగజిమ్ముతాయి. కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా దాని జోలికి వెళ్లకండి.

ఆయన బానెట్ ఎత్తి, గుడ్డ అడ్డం పెట్టుకుని, రేడియేటర్ పైభాగానికి వచ్చే లావు రబ్బరు పైపుని పట్టుకుని చూశాడు. నన్నూ చూడమన్నాడు. ముల్లు ఎర్రగీత మీదుంటే పైపు గోరువెచ్చగా ఉంది. "లోపల కుతకుతా ఉడుకుతాంటే వేడినీళ్లు ఈడికి రాలేదంటే యాడ ఆగినట్టు?" అంటూ వేలుతో ఆ పైపు వెంటే ఇంజన్ దాకా వెళ్లాడు. అది ముగిసే చోట రెండు బోల్టులతో చిన్న లోహపు మూత. "ఈ తలుపు తెరుచుకోల్యా" అన్నాడు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని ఆ తలుపు పేరు థర్మోస్టాట్. ఆ మాట వాడకుండానే విషయం తేల్చేశాడు. బండి చల్లారాక రేడియేటర్ తెరిస్తే నీళ్లు నిండుగానే ఉన్నాయి, కానీ తుప్పు కలిసి టీ డికాషన్ రంగులో. నాకన్నా ముందు దాన్ని నడిపినాయన ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశాడని తర్వాత తెలిసింది. ఆ రోజుకి థర్మోస్టాట్ పీకేసి అనంతపురం చేరాను.

తిరిగొచ్చాక మా ఏరియా మెకానిక్ "మన ఎండలకి అది అక్కర్లేదు సార్, అలాగే వదిలేయండి" అన్నాడు. ఈ సలహా మీకూ ఎవరో ఒకరు ఇస్తారు, వినకండి. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకు వెళ్లి కొత్తది, నీళ్లు కారకుండా దాని కింద పెట్టే గాస్కెట్ కొన్నాను. బిగించే ముందు పాతదాన్నీ కొత్తదాన్నీ దారం కట్టి ఒక పాత గిన్నెలో నీళ్లలో వేలాడదీసి స్టవ్ వెలిగించాను. నీళ్లు ఇంకా మరగకముందే కొత్తదాని నడుమనున్న బిళ్ల మెల్లగా పైకి లేచింది. లోపలి మైనం వేడికి ఉబ్బి దాన్ని తోస్తుంది, అంతే. పాతది నీళ్లు తెర్లుతున్నా కదల్లేదు. ఆ గిన్నె ఇప్పటికీ బాల్కనీలోనే ఉంది, వంటింట్లోకి ప్రవేశం లేదు.

అందుకే నా సలహా: పేర్లు బట్టీ పట్టకండి. మీకు ముందే తెలిసిన వస్తువు దగ్గర మొదలుపెట్టి పైపు వెంట వెళ్లండి. ఉదాహరణకి బ్రేక్ పెడల్ ఎక్కడుందో మీకు తెలుసు. దానికి సూటిగా ఎదురుగా, బానెట్ లోపల వెనక గోడకి ఉన్న చిన్న డబ్బా బ్రేక్ ఆయిల్‌ది. బండికి ఎదురుగా నిలబడితే మీ ఎడమవైపు వస్తుంది, మన స్టీరింగ్ కుడివైపు కాబట్టి. అందులో మట్టం పదేపదే తగ్గుతుంటే కేవలం పోసి ఊరుకోకండి, ఎక్కడో కారుతోంది లేదా ప్యాడ్లు అరిగాయి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, రంగు ఊడిపోతుంది.

అందరూ తికమకపడేది రెండు తెల్ల ప్లాస్టిక్ డబ్బాల దగ్గర. ఒకటి అద్దం కడిగే నీళ్లది, ఇంకొకటి కూలెంట్‌ది, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవానిది. దీనికీ అదే చిట్కా. రేడియేటర్ మూత పక్కనుంచి బయలుదేరే సన్న గొట్టం పట్టుకుని వెళ్తే కూలెంట్ డబ్బా దగ్గర తేలతారు. వైపర్ల దగ్గరి చిమ్మే ముక్కు నుంచి వెనక్కి వస్తే రెండోది. కూలెంట్‌లో కలిపేది డిస్టిల్డ్ వాటరే. ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు వద్దు. మీ బాత్రూం కుళాయి మీద కట్టే తెల్ల గారే రేడియేటర్ లోపలా కడుతుంది.

ఎయిర్ ఫిల్టర్‌కి అన్నిటికన్నా లావు గొట్టం వెంట వెళ్లండి, పెద్ద నల్ల పెట్టె వస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు దుమ్ములో తిరిగే బండి అయితే మాన్యువల్‌లో రాసిన గడువుకన్నా ముందే తెరిచి చూడండి.

ఇంజన్ ఆయిల్ చూడటం తేలికే. చదునైన చోట, ఇంజన్ ఆపిన ఐదారు నిమిషాలకి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు, పై గుర్తు దాటించకండి. ఆయిల్ పోసే మూత అడుగున పాలనురగలాంటిది కనిపిస్తే వెంటనే టెన్షన్ పడొద్దు. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి చలికాలంలో అలా వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా కాఫీ రంగు ఉంటే మాత్రం కూలెంట్ కలుస్తోందని అర్థం, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

బ్యాటరీ టెర్మినల్ మీద పొడి పేరుకుంటే ముందు మైనస్ వైపు విప్పి, వంటసోడా నీళ్లతో తుడిచి, కొంచెం వాజలీన్ రాయండి. స్పార్క్ ప్లగ్గులు చల్లటి ఇంజన్‌లోనే విప్పండి, తిరిగి పెట్టేటప్పుడు పానా వాడకుండా ముందు చేత్తో తిప్పి పట్టించండి. ప్లగ్గు బిగుసుకునే మర (థ్రెడ్) దెబ్బతింటే ఖర్చు మామూలుగా ఉండదు.

ఇంజన్ ఒక పక్కన ప్లాస్టిక్ కవర్ కింద దాగి ఉండే టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలన్నీ ఒకే లయలో తిరిగేలా చూసే పట్టీ) మన పని కాదు. కానీ దాన్ని చివరిసారి ఎప్పుడు మార్పించారో మీ మామయ్యని ఇవాళే అడగండి. "ఎప్పుడో మార్పించినట్టున్నాం రా" అంటే మార్పించనట్టే లెక్క.