నట్టు కొనేముందు డయల్ పెట్టి చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం కటర్‌ను నడిపి కోసే మిషన్) మీద కోసి నువ్వు పంపిన ప్లైవుడ్ ముక్క ఫొటోను పెద్దది చేసి చూశాను. 40 మిల్లీమీటర్ల గుండ్రం కోయమంటే గడియారంలో 12, 3, 6, 9 ఉండే చోట్ల చిన్న మెట్లు పడ్డాయి. ఎక్స్ (కుడి ఎడమల కదలిక) గానీ వై (ముందు వెనకల కదలిక) గానీ వెనక్కి మళ్లేది సరిగ్గా అక్కడే. మోటారు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది, కటర్‌ను మోసే గ్యాంట్రీ మాత్రం మోటారుకూ దానికీ మధ్యలో ఉన్న ఖాళీ పూడేదాకా కదల్లేదు. నువ్వు బ్యాక్‌లాష్ అన్నదాన్నే మా షాపులో ప్లే అనేవాళ్లం.

గ్యాంట్రీని స్క్రూ మీద నడిపించే నట్టు తీసేసి, ఖాళీ పడకుండా పట్టే యాంటీ బ్యాక్‌లాష్ నట్టు తెప్పిస్తున్నానని రాశావు. కాస్త ఆగు. ప్లే నట్టులోనే ఉందని ఇంకా తేలలేదు కదా. బాలానగర్‌లో ఇన్నేళ్లు లేత్ మీద, మిల్లింగ్ మిషన్ మీద చేసినవాణ్ణి, ప్లే అంతా ఒక్కచోటే ఉన్న మిషన్ నాకు అరుదుగా తగిలింది. మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగ్‌లో కొంత, బేరింగ్‌లో కొంత, నట్టులో కొంత ఉంటుంది. జాబ్ (కోసే ముక్క) మీద మాత్రం అన్నీ కలిసి ఒకే మెట్టుగా కనబడతాయి.

ముందు గీతకు 0.01 మిల్లీమీటరు జరుగుడు చూపే డయల్ గేజ్ ఒకటి, మాగ్నెట్ స్టాండు ఒకటి సంపాదించు. నీ బెడ్డు చెక్కది కాబట్టి మాగ్నెట్ పట్టదు, ఒక ఇనప పలకను బోల్టు చేసుకో. గ్యాంట్రీని డయల్ వైపు నడిపించు. ముల్లు బాగా తిరిగాక సున్నా పెట్టు. అదే దిక్కుకు ఇంకో 1 మిల్లీమీటరు పంపితే ముల్లు 1.00 చూపించాలి. ఇప్పుడు 1 మిల్లీమీటరు వెనక్కి రమ్మను. సున్నాకు రాకుండా 0.14 దగ్గర ఆగిందనుకో, ఆ 0.14 నీ ప్లే. ఇదే పని 5 మిల్లీమీటర్లతో కూడా చెయ్యి. వెనక్కి వచ్చాక తేడా అంతే ఉంటే ప్లే అని ఖాయం. ముందుకు పంపినప్పుడే ముల్లు 1.00, 5.00 చూపించకుండా, దూరంతో పాటు తేడా పెరుగుతుంటే నువ్వు పెట్టిన స్టెప్స్ లెక్క (మిల్లీమీటరుకు మోటారు ఎన్ని స్టెప్పులు వెయ్యాలన్నది) తప్పు. చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు (చిన్న భాగాలు), చుట్టుకు 8 మిల్లీమీటర్లు నడిచే టీ8 స్క్రూ అయితే మిల్లీమీటరుకు 400 రావాలి, చూసుకో.

ఇక ఆ 0.14 ఎక్కడుందో పట్టుకోవాలి. స్క్రూ చివర సెంటర్ గుంట ఉంటే అందులో కాస్త గ్రీజు పెట్టి చిన్న స్టీలు బాల్ అతికించు, డయల్ మొనను ఆ బాల్ మీద ఆనించు. స్క్రూ కొద్దిగా తిరిగినా ముల్లు మోసపోదు. మోటారుకు కరెంటు ఇచ్చి లాక్ చేసి, గ్యాంట్రీని చేత్తో ముందుకు నెట్టు, వెనక్కి లాగు. బాల్ మీద ముల్లు కొట్టుకుంటే స్క్రూయే ముందుకూ వెనక్కూ జరుగుతోందన్నమాట, అప్పుడు ఎంత ఖరీదైన నట్టు వేసినా లాభం లేదు. ముల్లు నిలబడి గ్యాంట్రీ మాత్రం టక్కుమని కదిలితే నట్టు, లేదా నట్టును పట్టుకున్న బోల్టులు. టక్కుమనకుండా, ఎంత నెడితే అంత జరిగి వదిలితే మళ్లీ యథాస్థానానికి వస్తే అది ప్లే కాదు, గ్యాంట్రీ వంగుతోంది.

నీ ఫొటోలో స్క్రూ నేరుగా కప్లింగ్‌కు వేలాడుతున్నట్టుంది. అలాగైతే కటింగ్ బలమంతా మోటారు షాఫ్టు మీద పడుతుంది. మోటారు లోపల బేరింగ్ పక్కన అలల వాషర్ ఉంటుంది, అది నొక్కుకుపోతుంది. పైగా స్ప్రింగులా చీలికలున్న అల్యూమినియం కప్లింగ్ కూడా సాగుతుంది. అందుకని స్క్రూకు ఒక చివర గట్టి పలక పెట్టి, దానికి రెండు పక్కలా త్రస్ట్ బేరింగులు (పొడవునా పడే తోపును ఆపేవి) వేసి, కాలర్లతో (స్క్రూకు బిగించే రింగులతో) బిగించు. ఖాళీ పోవాలి, స్క్రూ మాత్రం వేళ్లతో తిప్పితే తిరగాలి. రెండో చివర వదులుగా ఆనితే చాలు, అక్కడ కూడా బిగిస్తే వేడికి స్క్రూ సాగి విల్లులా వంగుతుంది. కప్లింగ్‌ను షాఫ్టుకు బిగించే తల లేని చిన్న గ్రబ్ స్క్రూల కింద షాఫ్టును ఆకురాయితో కాస్త చదును చెయ్యి, లేకపోతే ఎంత బిగించినా జారుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ప్లే మిగిలితే అప్పుడు నట్టు. స్ప్రింగు నట్టు చవక, కానీ స్ప్రింగు బలం కటింగ్ బలం కంటే ఎక్కువ ఉన్నంతవరకే పనిచేస్తుంది. అల్యూమినియంలో లోతుగా దిగావంటే స్ప్రింగు నొక్కుకుని ప్లే మళ్లీ వచ్చేస్తుంది. మరీ గట్టి స్ప్రింగు వేస్తే మోటారు స్టెప్పులు తప్పుతుంది. నాకు నచ్చింది రెండు నట్ల పద్ధతి. ఒకటి కదలకుండా బిగించి, రెండోదాన్ని ఖాళీ పోయేదాకా తిప్పి లాక్ చెయ్యడం. స్క్రూ పాతదైతే మధ్యలో ఎక్కువ అరుగుతుంది కాబట్టి అరగని చివర దగ్గర సర్దు. మధ్యలో సర్దితే చివర్లకు వచ్చేసరికి పట్టేస్తుంది. స్క్రూను వేడిచేసి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కల మధ్య నొక్కి నట్టు పోసుకునేవాళ్లూ ఉన్నారు, చాలా బిగువుగా వస్తుంది. నువ్వు చేస్తే మాత్రం ఆరుబయట చెయ్యి. డెల్రిన్ మాడితే ఫార్మాల్డిహైడ్ పొగ వస్తుంది, మీ అమ్మ వంటింటి పక్కన ఆ పని పెట్టుకోకు.

సాఫ్ట్‌వేర్‌లో సర్దితే పోలా అని అడిగావు. మిషన్‌ను నడిపే ప్రోగ్రాముల్లో మాక్3లో, లినక్స్‌సీఎన్‌సీలో ఆ సదుపాయం ఉంది, నువ్వు వాడే మామూలు జీఆర్‌బీఎల్‌లో లేదు. ఉన్నా అది మళ్లే చోట ఖాళీని పూడుస్తుందే గానీ, కటర్ లాగినప్పుడు గ్యాంట్రీని పట్టుకుని ఆపలేదు.

ఆ లాగుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పనిలో చేరిన కొత్తలో మా షాపులో ఒక పాత మిల్లింగ్ మిషన్ ఉండేది. నట్టు అరిగి హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరిగేది. కటర్ పళ్లు జాబ్‌ను తాకే చోట ఏ దిక్కుకు పోతున్నాయో అదే దిక్కుకు నేను టేబుల్‌ను నడిపాను. పళ్లు జాబ్‌ను పట్టి టేబుల్‌ను ఒక్కసారిగా లాక్కున్నాయి. కటర్ విరిగి ఒక ముక్క నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. ఫోర్‌మన్ తిట్టలేదు. నా చెయ్యి తీసుకెళ్లి హ్యాండిల్ మీద పెట్టి, ఆ పావు చుట్టు ఖాళీని అటూ ఇటూ ఆడించి చూపించాడు. అందుకే చెబుతున్నాను, ప్లే తీరేదాకా నీ ప్రోగ్రాంలో క్లైంబ్ (నేను అప్పుడు చేసిన తరహా కోత) పెట్టకు, దానికి ఎదురు తరహా అయిన కన్వెన్షనల్‌లోనే కొయ్యి. కళ్లద్దాలు లేకుండా మిషన్ దగ్గరికి పోకు.

ఇంకొకటి, బోర్డులకు రంధ్రాలు వేసేటప్పుడు పనికొస్తుంది. లేత్ మీద టూల్‌ను జాబ్ వైపు నడిపే క్రాస్ స్లైడ్ ఒక గీత ఎక్కువ పోతే ఆ ఒక్క గీతే వెనక్కి తిప్పేవాళ్లం కాదు. అర చుట్టు వెనక్కి తీసి మళ్లీ ముందుకొచ్చి ఆ గీత దగ్గర ఆపేవాళ్లం. నువ్వూ ప్రతి రంధ్రానికి ఎక్స్‌లో ఎడమనుంచి, వైలో నీ వైపునుంచే చేరేలా ప్రోగ్రాం రాసుకో. 0.14 అలాగే ఉన్నా రంధ్రాల మధ్య దూరంలో తేడా రాదు.

జడ్‌ను (పైకీ కిందికీ కదలికను) ఇప్పటికి వదిలెయ్. కటర్‌ను తిప్పే స్పిండిల్ బరువు నట్టును ఎప్పుడూ ఒక పక్కకే నొక్కి ఉంచుతుంది. ఎక్స్, వై రెండింటికీ మధ్యలో ఒకటి, చివర్లలో ఒక్కోటి రీడింగు తీసి, బాల్ మీద ముల్లు ఎంత కొట్టుకుందో కూడా పక్కన రాసి పంపు. అది చూశాకే నట్టు సంగతి మాట్లాడుకుందాం.

మీ మామయ్య