లేబుల్ సంతకం నెలజీతం కాదు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. తన గదిలోనే పాటలు రికార్డు చేసి నెట్‌లో పెడుతుంది. ఇప్పుడో లేబుల్, అంటే పాటల కంపెనీ, ఐదేళ్ల ఒప్పందం పంపింది. సంతకం పెడితే స్థిరపడినట్టేనా? సొంతంగా విడుదల చేసుకోవడమే మేలా? చదువు మాన్పించాలా? బంధువులకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: లేబులా, సొంతమా అని అడిగారు గానీ, మీ అసలు బెంగ రేపు పిల్ల బతుకేమవుతుందనే. ముందు దానికి చెప్తాను. చదువు మాన్పించనక్కర్లేదు. ఈ నెల సంతకం పెట్టకపోతే మునిగేదీ లేదు.

లేబుల్ ఇచ్చేది అడ్వాన్సు. దాన్ని ఆమె వాటాలోంచే రాబట్టుకుంటారు. అడ్వాన్సు, స్టూడియో, వీడియో కలిపి 100 ఖర్చయిందనుకోండి. ఆమె వాటా 20 శాతమైతే, ఆ 100 తీరడానికి పాటలు 500 సంపాదించాలి. అప్పటిదాకా అడ్వాన్సు తప్ప ఆమెకు చిల్లిగవ్వ రాదు. మాస్టర్, అంటే తుది రికార్డింగు మీద హక్కు, శాశ్వతంగా రాసిస్తున్నారా, కొన్నేళ్ల లైసెన్సేనా చూడండి. ఐదేళ్ల తర్వాత వాళ్లంతట వాళ్లే పొడిగించుకునే ఆప్షన్లున్నాయా? కచేరీల డబ్బులోనూ వాటా అడిగారా? అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో చేతులు మారాయి. ఆమె వాటిని కొనుక్కునేసరికి 2025 వచ్చింది. ఇక విడుదలకు మీరే డబ్బు కట్టాలంటే అది లేబులే కాదు.

సొంత దారి మీదా నాకు పెద్ద మోజు లేదు. గదిలో చేసిన ఆల్బమ్‌తోనే అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ 2020 గ్రామీ సంగీత పురస్కారాల్లో నాలుగు ప్రధాన అవార్డులూ గెలిచింది, నిజమే. వెనక లేబుల్ కూడా ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. చాలామంది గదుల్లో ముందు దెబ్బతినేది గొంతు రికార్డింగే. చిన్న శబ్దాన్నీ పట్టే ఖరీదైన కండెన్సర్ మైకు కొంటారు, అది గోడల ప్రతిధ్వనిని ఇంకా బాగా పట్టుకుంటుంది. ఒకసారి పడ్డాక మిక్సింగులో, అంటే గొంతునూ వాద్యాలనూ కలిపి సరిచేసేటప్పుడు, పూర్తిగా పోదు. దుప్పట్లు మైకు వెనక కాదు, పాడేవాళ్ల వెనక వేలాడదీయాలి. ఆ మైకు ఎక్కువగా వినేది ఆ వైపే. నోటికి జానెడు దూరం, మధ్యలో నోటి గాలి మైకుకు కొట్టకుండా ఆపే పాప్ ఫిల్టర్, 24 బిట్ రికార్డింగు. గొంతెత్తినప్పుడు కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరే ఆగాలి, సున్నాను తాకితే రికార్డింగులో గొంతు చీలినట్టు వినిపిస్తుంది.

విడుదల డిస్ట్రిబ్యూటర్, అంటే పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సంస్థ, ద్వారా తేలికే. ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ని మార్చినా అదే కోడ్ ఇవ్వాలి, లేకపోతే పాత స్ట్రీముల లెక్క పోయే ప్రమాదముంది. స్పాటిఫైలో ప్లేలిస్టులు కూర్చే ఎడిటర్లకు పాటను కనీసం 7 రోజుల ముందే పంపాలి. 2024 నుంచి అక్కడ, ఏడాదిలో 1000 స్ట్రీములు లేని పాటకు రికార్డింగు రాయల్టీ లేదు. అలాగని స్ట్రీములు కొనిపించకండి, పాటనే తీసేయొచ్చు. ఈ రంగంలో ముందు ఇల్లు నడిపేవి పక్కపనులు: ఇతరుల గొంతులు ఎడిట్ చేయడం, మిక్సింగు, ప్రకటనల సంగీతం, కచేరీలు. గదిలో నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది, అందుకే మరీ భయపడొద్దంటున్నాను.

ఒక్కటి అడుగుతాను, నొచ్చుకోకండి. ఇంత రాశారు, ఆమె ఎలాంటి పాటలు పాడుతుందో ఒక్క మాట లేదు. ఒక్కటైనా చివరిదాకా విన్నారా? బంధువులకు ఏం చెప్పాలన్నది మీ సమస్య, ఆమె నెత్తిన పెట్టకండి.

ఒప్పందాన్ని కాపీరైటు తెలిసిన లాయరుకు చూపించండి, లేబుల్ సూచించిన లాయరుకు వద్దు. ఆమె రికార్డు చేసుకునే గంటసేపు ఇంట్లో టీవీ, ఫ్యాన్లు కట్టేయండి.