నిలువు తెరకు పేజీ కట్టేముందు

నాయనా,

గోడకు నిలువుగా బిగించి సమాచారం చూపించే టీవీ తెరకు వెబ్ పేజీ కట్టాలనగానే ఫోన్ పేజీనే పెద్దది చేసి పెట్టేద్దామనిపిస్తుంది. పని చెడేది అక్కడే. ఫోన్‌లో అక్షరం చిన్నదైతే వేళ్లతో పెద్దది చేసుకుంటారు, కిందిది కావాలంటే జరుపుకుంటారు. గోడ మీది తెరను ఎవరూ ముట్టుకోరు, నడుస్తూ ఓ చూపు చూసి పోతారు. కాబట్టి కోడ్ జోలికి వెళ్లకముందే టేపు తీసి రెండు కొలతలు రాసుకో: తెర ఎంత, చూసేవాళ్లు ఎంత దూరం.

43 అంగుళాల తెరను నిలబెడితే ఎత్తు సుమారు 37.5 అంగుళాలు. ఫుల్ హెచ్‌డీ అయితే అందులో 1920 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 51. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది ఈ పనిలో వాడే మోటు లెక్క. అయితే ఫాంట్ సైజులో అక్షరంతోపాటు పైనా కిందా ఖాళీ కూడా కలిసి ఉంటుంది. కనుక 72 పిక్సెళ్లకు తగ్గకు. తెలుగుకు లైన్ హైట్ (ఒక వరసకు ఇచ్చే ఎత్తు) ఫాంట్ సైజుకు 1.5 రెట్లయినా ఉంచు. తక్కువ పెట్టి, పెట్టె దాటింది కనబడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ చేశావంటే ఒత్తులు తెగుతాయి. చూసేవాళ్లు దాన్ని నీ అక్షరదోషం కిందే జమకడతారు.

క్యూఆర్ కోడ్ వెడల్పు, దాన్ని స్కాన్ చేసే దూరంలో పదోవంతు ఉండాలి. రెండు మీటర్లకు 20 సెంటీమీటర్లు, ఈ తెర మీద దాదాపు 400 పిక్సెళ్లు. చుట్టూ కోడ్‌లోని చిన్న గడులు నాలుగు పట్టేంత తెల్ల అంచు వదులు. తెర అడుగున మాత్రం పెట్టకు, ముందు నిలబడ్డవాళ్లు కప్పేస్తారు.

తెరను తిప్పే పని వీలైనంత వరకు ప్లేయర్ (తెరకు పేజీని అందించే పరికరం) సెట్టింగుల్లోనే చెయ్యి. అక్కడ కుదరకపోతేనే పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్. బాడీకి, అంటే మొత్తం పేజీకి, వెడల్పు 100 వీహెచ్, ఎత్తు 100 వీడబ్ల్యూ (వీహెచ్ అంటే బ్రౌజర్ తెర ఎత్తులో నూరోవంతు, వీడబ్ల్యూ అంటే వెడల్పులో నూరోవంతు), ట్రాన్స్‌ఫార్మ్ ఆరిజిన్ టాప్ లెఫ్ట్, ఆపైన రొటేట్ 90 డిగ్రీలు, దాని వెనకే ట్రాన్స్‌లేట్ వై మైనస్ 100 శాతం. ఈ వరస తారుమారైతే పేజీ తెర బయటికి పోతుంది. ఇలా తిప్పినా బ్రౌజర్ దృష్టిలో తెర అడ్డమే. వీడబ్ల్యూ అంటే పొడుగు వైపే, నిలువు తెరలకని రాసే పోర్ట్రెయిట్ మీడియా క్వెరీ పట్టదు. ప్లేయర్ బలహీనమైతే తిప్పిన వీడియో తడబడుతుంది. వీడియో మ్యూట్‌లో లేకపోతే చాలా బ్రౌజర్లలో దానంతటది మొదలవదు, అదీ గుర్తుపెట్టుకో.

టీవీలో ఉన్న బ్రౌజర్ పాతది కావచ్చు. ఎల్‌జీ టీవీల్లోని వెబ్‌ఓఎస్ 4లో ఉన్నది క్రోమియం (క్రోమ్‌కు మూలమైన బ్రౌజర్) 53వ వెర్షన్. పెట్టెలను అడ్డంగా నిలువుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ వచ్చింది 57లో, పెట్టెలను వరసగా పేర్చే ఫ్లెక్స్‌లో వాటి మధ్య ఖాళీ ఇచ్చే గ్యాప్ 84లో. నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా కుదిరిన పెట్టెలు అక్కడ ఒకదాని కింద ఒకటి పడతాయి, లేదా ఖాళీ లేకుండా అంటుకుపోతాయి. ఫ్లెక్స్, మార్జిన్లతో కట్టుకుంటే నిశ్చింత. విండో ఇన్నర్‌విడ్త్, అంటే బ్రౌజర్ లెక్కలో పేజీ వెడల్పు, ఎంతో తెర మీదే ఒకసారి రాయించి చూడు. 1080 అనుకున్నచోట 540 కనిపిస్తే డివైస్ పిక్సెల్ రేషియో 2 అని, అంటే పేజీలోని ఒక పిక్సెల్‌కు తెర మీద రెండు పడుతున్నాయని అర్థం, అప్పుడు పై సైజులన్నీ సగానికి దించు.

ఈ పేజీ వారాల తరబడి మూయకుండా నడుస్తుంది. కోడ్‌లో పాత టైమర్లను క్లియర్ చేయకుండా కొత్తవి పెడుతూ పోతే మెమరీ నిండి తెర బిగుసుకుంటుంది. రాత్రి ఎవరూ లేని వేళ రోజుకోసారి రీలోడ్ పెట్టు, కానీ సర్వర్ పలుకుతోందని తేలాకే. లేదంటే తెల్లవారేసరికి బ్రౌజర్ ఎర్రర్ పేజీ వేలాడుతుంది. ఫాంట్లు, బొమ్మలు సర్వీస్ వర్కర్‌తో (బ్రౌజర్ వెనక నడిచే చిన్న స్క్రిప్ట్) ప్లేయర్‌లోనే దాచు. కొత్త డేటా రాకపోతే పాతదే చూపించు, అది ఏ వేళదో పక్కన వెయ్యి. కదలికలకు ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం), ఒపాసిటీ (పారదర్శకత) తప్ప వేరేవి ముట్టుకోకు. లోగోను ఒకేచోట నెలల తరబడి ఉంచితే ఓఎల్‌ఈడీ తెరలో దాని మచ్చ ఉండిపోతుంది, అప్పుడప్పుడూ చోటు మార్చు.

అప్పగించే ముందు అసలు తెర మీదే రెండు రోజులు ఆపకుండా నడిపించు. మధ్యలో ఓసారి నెట్ కేబుల్ పీకి, గంటాగి మళ్లీ పెట్టి చూడు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన