లోకం బాధలన్నీ నా మీదే పడ్డట్టుంది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 46. కొన్ని నెలలుగా యుద్ధాలు, వరదల వార్తలు చూస్తుంటే ఛాతీలో బరువుగా ఉంటోంది. సరిగా నిద్ర పట్టడం లేదు. అయినా ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నా. చుట్టుపక్కల వాళ్లకు చిన్న చిన్న సాయాలు చేస్తే మనసు తేలికపడుతుందని స్నేహితురాలు అంటోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: నిజమే. కాకపోతే దానికీ ఓ పద్ధతి ఉంది. అది లేకుండా మొదలుపెట్టిన వాళ్లు తొందరగానే విసిగిపోయి మానేస్తుంటారు.

ఘోరమైన దృశ్యం చూడగానే, ఆ ప్రమాదం మన మీదికే వస్తోందన్నట్టుగా శరీరం సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. కానీ అక్కడ మనం చేయగలిగింది ఏమీ ఉండదు. దాంతో ఇంకో వార్త తెరుస్తాం. 2013లో బోస్టన్ మారథాన్‌పై బాంబు దాడి జరిగాక చేసిన ఓ అధ్యయనంలో ఆశ్చర్యకరమైన విషయం తేలింది. ఆ వారం రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తల్లోనే గడిపిన వాళ్లలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, దాడి జరిగిన చోట ఉన్నవాళ్లలో కన్నా ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. వార్తలు రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున చదవండి. వీడియోలు చూడొద్దు. పడుకునే ముందు గంటసేపు అసలు ఫోనే వద్దు.

ఇక సాయం సంగతి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆందోళన, కుంగుబాటు లక్షణాలున్న కొందరిని వారానికి రెండు రోజులు, రోజుకు మూడు చొప్పున ఇతరులకు మేలు చేసే పనులు చేయమన్నారు. లక్షణాలు తగ్గాయి. అంతేకాదు, నలుగురితో కలిసి ఉన్నామన్న భావన వీళ్లలో బాగా పెరిగింది. మిత్రులతో సరదా కార్యక్రమాలు పెట్టుకున్న వాళ్లలో కూడా అది అంతగా పెరగలేదు. ఎదుటివారి పనిలో పడితే సొంత ఆలోచనల మీంచి దృష్టి మళ్లడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

మీరూ అదే లెక్క పెట్టుకోండి. రోజూ చేయాలని నియమం పెట్టుకుంటే అదో భారమవుతుంది. పది నిమిషాల నుంచి అరగంటలో పూర్తయ్యేవి, ఫలితం కళ్లముందే కనిపించేవి ఎంచుకోండి: ఒంటరిగా ఉండే పెద్దాయనకు మందులు తెచ్చివ్వడం, పసిబిడ్డ తల్లి స్నానం చేసి వచ్చేదాకా బిడ్డను చూసుకోవడం, వీధి దీపం వెలగడం లేదని ఫిర్యాదు చేయడం లాంటివి. ఎప్పుడూ ఒకే పని చేస్తే అది అలవాటైపోయి ఆ తృప్తి తగ్గుతుంది, మారుస్తుండండి.

‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అంటే ఎవరూ అడగరు. మొహమాటం. ‘మందుల షాపుకు వెళ్తున్నా, మీకేం తేవాలి?’ అనండి. వద్దంటే బలవంతం చేయకండి. చేసినదాన్ని ఫొటో తీసి పెట్టారనుకోండి, లైకుల కోసం మళ్లీ ఆ ఫోన్‌లోకే వెళ్తారు. ఒకరి కష్టం మొత్తాన్ని నెత్తిన వేసుకోవడం కూడా వద్దు. ఇంట్లో ఇప్పటికే ఎవరికైనా సేవ చేస్తూ అలసిపోయి ఉంటే, సాయం తీసుకోవాల్సింది మీరే.

దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మీరు చెప్పిన ఛాతీ బరువునూ వార్తల ఖాతాలో వేసేయకండి, ఒకసారి ఈసీజీ తీయించుకోండి. నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో అది పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు. విశ్రాంతిలోనూ తగ్గకపోయినా, చెమటలు గానీ, ఆయాసం గానీ తోడైనా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.