సభలో గడియారం ఎవరి చేతిలో ఉంది?

అమ్మా,

నీ నవల రాతప్రతి మొత్తం చదివాను. మొదటి నాలుగు అధ్యాయాల జోలికి నేను పోను, బాగా కుదిరాయి. నా పేచీ అంతా అయిదో అధ్యాయంతోనే. లోక్‌సభలో నీ కథానాయకుడు ఇరవై పేజీల పాటు ఏకధాటిగా మాట్లాడతాడు. అధికార పక్షం బెంచీల్లో కొందరు కళ్లు తుడుచుకుంటారు. ఓటింగ్‌లో ప్రభుత్వ బిల్లు వీగిపోతుంది. సినిమాలో అయితే ఈలలు పడతాయి. నీ నవల చదివేవాళ్లలో పార్లమెంటు వార్తలు రోజూ చూసేవాళ్లూ ఉంటారు కదా, వాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

ముందు ఒక చిన్న లెక్క. అతని పార్టీకి ముగ్గురే ఎంపీలని రెండో అధ్యాయంలో నువ్వే రాశావు. ఏ బిల్లుకు ఎంత సమయం ఇవ్వాలో స్పీకర్ అధ్యక్షతన జరిగే సభా వ్యవహారాల సలహా సంఘం, అదే బీఏసీ, తేలుస్తుంది. ఆ సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. రెండు గంటల చర్చ అనుకో, 543 మంది సభలో ముగ్గురికి వచ్చే వాటా నిమిషం కూడా కాదు. స్పీకర్ కాస్త ఉదారంగా ఉంటే రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. ఆపైన గంట మోగుతుంది, ఇంకా లాగితే మైకు ఆగిపోతుంది. నీ వీరుడు ఇరవై పేజీల ఆవేశాన్ని ఆ రెండు నిమిషాల్లో ఇరికించుకోవాలి. ఏ వాక్యం ఉంచాలో, ఏది వదలాలో ముందురాత్రి కూర్చుని కొట్టేసుకుంటూ ఉంటాడు చూడు, అది రాయి. ప్రసంగం కంటే ఆ కొట్టివేతలే బాగుంటాయి.

ఇక కళ్లు తుడుచుకున్నవాళ్ల సంగతి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చాక, పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. పదిహేను రోజుల్లోగా పార్టీ క్షమిస్తే తప్ప. అందుకే ప్రసంగం విని మనసు మారిన సభ్యుడు కూడా మీట మాత్రం పార్టీ చెప్పిందే నొక్కుతాడు. మనసు ఒకటి, వేలు ఒకటి. అంతటి ఘర్షణ చేతికి అందుతుంటే దాన్ని వదిలేసి కన్నీళ్లు ఎందుకు పెట్టావో నాకు అర్థం కాలేదు.

నువ్వు అసలు పట్టించుకోని మనిషి ఒకడున్నాడు. నూట పన్నెండో పేజీలో ‘పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి చిరునవ్వుతో లేచాడు’ అని ఒక్క వాక్యం పారేశావు. నన్నడిగితే ఆ అధ్యాయం అతనిది. ప్రభుత్వ పని సభలో నడిపించే బాధ్యత అతని నెత్తినే ఉంటుంది. ఏ బిల్లు ముందు, ఏది వెనక, ఏ రోజు ఏ మంత్రి సభలో ఉండాలి, మిత్రపక్షం దేనికి అలిగింది, ప్రతిపక్షానికి ఏ చర్చ ఇచ్చి ఏ బిల్లు దాటించుకోవాలి, ఇదంతా అతని తలలో తిరుగుతుంటుంది. వచ్చే వారం ప్రభుత్వం చేపట్టబోయే పనులేమిటో వారాంతంలో లేచి చదువుతాడు. ఆ నీరసమైన చదువు వెనక వారమంతా సాగిన బేరాలుంటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక సభ పలచబడుతుంది. సభ సాగాలంటే ఉండాల్సిన కనీస సంఖ్య, అదే కోరం, 55 మంది. ప్రతిపక్షం నుంచి ఎవరో లేచి కోరం లేదంటారు, గంట మోగుతుంది. కాగితంమీద మూడు వందల మంది ఉన్న పార్టీ లాబీల్లో తన సభ్యులను వెతుక్కుంటూ ఉంటుంది. అలాంటి మధ్యాహ్నం ఒకటి రాయి.

విధివిధానాలంటే ఎండు కట్టెలని నీకో అభిప్రాయం ఉన్నట్టుంది. అయితే 2018 మార్చి గుర్తు చేసుకో. ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా మీద వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం అవిశ్వాస తీర్మానం నోటీసులిచ్చాయి. నిబంధన ఏమిటంటే, తీర్మానం చర్చకు రావాలంటే యాభై మంది తమ స్థానాల్లో లేచి నిలబడాలి, స్పీకర్ వాళ్లను లెక్కపెట్టాలి. ఆ రోజుల్లో కావేరీ నీళ్ల మీద, రిజర్వేషన్ల మీద వేరే పార్టీల సభ్యులు ప్లకార్డులతో వెల్‌లో, అంటే స్పీకర్ స్థానం ముందున్న ఖాళీ స్థలంలో, నిలబడ్డారు. సభ సజావుగా లేదు, తలలు లెక్కపెట్టలేను అని స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజు తర్వాత రోజు వాయిదా వేస్తూ పోయారు. ఏప్రిల్‌లో సమావేశాలే ముగిసిపోయాయి. ఇందులో నీకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. మొదటి నోటీసులకు కాస్త ముందు, మార్చి 14న, అలాంటి గోలలోనే ఆర్థిక బిల్లు, మంత్రిత్వ శాఖల ఖర్చుల పద్దులు చర్చ లేకుండా గట్టెక్కాయి. మిగిలిన పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టడాన్ని గిలెటిన్ అంటారు. మూజువాణి ఓటుకు తలలు లెక్కించే పని లేదు, గొంతులు వినిపిస్తే చాలు. గొడవ ఒకటే, ఒక పనిని ఆపింది, ఇంకో పనిని ఆపలేదు. తర్వాతి సమావేశాల్లో, జూలై 18న, తెలుగుదేశం మళ్లీ ఇచ్చిన అవిశ్వాస నోటీసును స్పీకర్ అనుమతించారు, 20న చర్చ జరిగి 126-325 ఓట్లతో తీర్మానం వీగిపోయింది. మార్చిలో జరిగి ఉన్నా ప్రభుత్వం పడేది కాదనే నా లెక్క. కానీ ఆ నాలుగు నెలల్లో ఎవరెవరు ఏమేం సర్దుకున్నారన్నది నవలాకారులకు దొరికే బంగారం.

దీన్ని చదివి ప్రభుత్వం దొంగ, ప్రతిపక్షం దొర అని తేల్చేయకు. పాత్రలు తారుమారైనప్పుడు మాటలూ తారుమారవుతాయి. నిన్న వెల్‌లోకి దూకినవాళ్లు రేపు మంత్రులై సభా మర్యాద గురించి ఉపన్యసిస్తారు. అజెండా ప్రభుత్వం చేతిలో ఉంటే, ప్రతిపక్షం చేతిలో మిగిలేది ఆలస్యమే. ఇద్దరినీ అదే కంటితో చూడగలిగితే నీ అయిదో అధ్యాయం నిలబడుతుంది.

ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయే దృశ్యం నీకు తప్పదనుకుంటే 1999 ఏప్రిల్ 17 నాటి కార్యకలాపాలు తెచ్చుకుని చదువు. వాజపేయి విశ్వాస తీర్మానం 269-270తో ఓడిపోయిన రోజు. స్పీకర్ స్థానంలో మన అమలాపురం ఎంపీ బాలయోగి. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, లోక్‌సభకు ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా అన్న ప్రశ్న వస్తే బాలయోగి ఆయన అంతరాత్మకే వదిలేశారు, ఆయన ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఎంత గొప్ప ప్రసంగాలు జరిగినా, జనానికి గుర్తున్నది ఆ రాజీనామా చేయని సభ్యత్వమే.

చదవడమంటే పత్రికల్లో వచ్చే సారాంశం కాదు, సభ ప్రచురించే పూర్తి పాఠం. అందులో బ్రాకెట్ల మధ్య ‘అంతరాయాలు’ అన్న మాట కనిపించిన చోటల్లా ఆగు. అక్కడ ఏం జరిగి ఉంటుందో ఊహించి ఒక పేరా రాసుకో. తర్వాత ఆ రోజు వీడియో దొరికితే పోల్చుకో. వారం రోజులు ఇలా చేస్తే నీ సంభాషణల్లో ఆ ఉపన్యాసపు బిగువు సడలుతుంది.

చివరగా దిద్దాల్సినవి రెండు. నూట ముప్పయ్యో పేజీలో స్పీకర్ తన పార్టీ వైపు ఓటేస్తాడు. అలా కుదరదు. రెండు వైపులా ఓట్లు సమానమైతేనే ఆయన ఓటు. నీ కథలో తేడా ఏడు ఓట్లు. రెండోది, నీ వీరుడి సొంత బిల్లును సోమవారం ఉదయం చర్చకు పెట్టావు. మంత్రి కాని సభ్యుడి బిల్లుకు లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలే దిక్కు. ఆ దారిలో వచ్చి చట్టమైనవి స్వాతంత్ర్యం వచ్చాక మొత్తం పద్నాలుగు, ఆఖరిది 1970లో. కాబట్టి శుక్రవారానికి మార్చు. ఆ వేళకు సభ్యుల్లో సగం మంది విమానాశ్రయం దారి పట్టి ఉంటారు, అదీ వాడుకో.

తిరగరాసిన అయిదో అధ్యాయం ఒక్కటే పంపు, మిగతావి నా దగ్గరే ఉన్నాయి.