స్పిట్‌ఫైర్‌కి చిన్న స్టీరింగ్ వేయించే ముందు

రాయగడ నుంచి మీరు అడిగింది ఇది: మావయ్యగారి దగ్గర్నుంచి వచ్చిన 1968 మోడల్ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 (టాప్ తీసే రెండు సీట్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. గంటసేపు నడిపేసరికి భుజాలు పట్టేస్తున్నాయి, రిమ్ము తొడలకు తగులుతోంది, చేతిలో మరీ సన్నగా ఉండి జారుతోంది. వైజాగ్‌లో 13 అంగుళాల స్పోర్ట్స్ స్టీరింగ్ ఒకటి చూశారు, వేయించవచ్చా అని.

13 వద్దండి. 14 అంగుళాలది, తోలు చుట్టినది వేయించుకోండి. కానీ అంతకంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి చూశాక అసలు మార్చాలనిపించకపోవచ్చు కూడా. నాదీ మార్క్ 3యే. కొరాపుట్ జిల్లా జయపూర్‌లో ఉంటాను. చుట్టాలంతా సాలూరు, పార్వతీపురం వైపు కాబట్టి దారిలో వచ్చే సుంకి ఘాట్ రోడ్డు ఈ కారుతో చాలాసార్లు ఎక్కాను, దిగాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట స్టీరింగ్ ఎందుకు బరువుగా ఉందో తేల్చుకోండి. ముందు రెండు చక్రాలూ నేల వదిలేలా జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపి ఉంచి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఒక వేలితో తిరిగిపోయిందంటే కారులో లోపం లేదు, బరువంతా టైర్ల దగ్గరే. గాలిలో ఉన్నప్పుడు కూడా పట్టేస్తుంటే లోపం ఇంకెక్కడో ఉంది. అలాంటప్పుడు చిన్న స్టీరింగ్ వేస్తే మీ బాధ ఇంకా పెరుగుతుంది.

ఆ లోపం తొంభై పాళ్లు ట్రనియన్లలోనే ఉంటుందని నా నమ్మకం. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగు భాగానికి మర ఉంటుంది. ఆ మర ఒక కంచు దిమ్మలో కూర్చుంటుంది, ఆ దిమ్మే ట్రనియన్. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఉక్కు మర కంచు మరలో తిరుగుతుంది. అందులో పోయాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్, ఈపీ 90 రకం. మన సర్వీసింగ్ షెడ్లలో గ్రీజు గన్ను కనబడగానే కుర్రాళ్లు అన్నిటికీ గ్రీజే కొట్టేస్తారు. ఆ గ్రీజు మర లోపలి దాకా పోదు, కొన్నాళ్లకు గట్టిపడి కొత్తగా ఏదీ పోనివ్వదు. పైగా మన దగ్గర వర్షాలు ఎక్కువ. నీళ్లు చేరి మర తుప్పు పడుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. భుజాల నొప్పి ఇక్కడ చిన్న విషయం. తుప్పుపట్టిన ఆ నిలువు కడ్డీ మర దగ్గర విరిగితే చక్రం కారు కిందకు మడత పడుతుంది. పాత ట్రయంఫ్ కార్లకు బాగా పేరుమోసిన ప్రమాదం ఇదే. ఘాట్ రోడ్డు మీద అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

చేసే పద్ధతి కష్టం కాదు. ట్రనియన్‌కి ఉన్న చిన్న ప్లగ్గు విప్పి, ఆ చోట నిప్పిల్ పెట్టి, గేర్ ఆయిల్ నింపిన గన్నుతో పై నుంచి నూనె కారేవరకు కొట్టాలి. చక్రం మీద బరువు లేకుండా ఎత్తి ఉంచితే నూనె బాగా పాకుతుంది. ముందు నల్లటి ముద్ద వస్తుంది, తర్వాత ఎర్రగా తుప్పు నీళ్లలాంటిది, ఆ తర్వాత శుభ్రమైన నూనె. శుభ్రమైనది కనబడేవరకు ఆపకండి. తుప్పు మరీ ఎక్కువగా వస్తే విప్పించి మర చూడాల్సిందే. నేను వర్షాలు మొదలయ్యే ముందు ఒకసారి, ఆగాక ఒకసారి తప్పకుండా చేయిస్తాను. దీనికి విదేశీ నిపుణులెవరూ అక్కర్లేదు. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్‌ని ట్రయంఫ్ వాళ్లదే హెరాల్డ్ అనే కారు చాసిస్‌ని కుదించి కట్టారు. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారుచేశారు. బరంపురంలోనో విజయనగరంలోనో హెరాల్డ్ మీద పని చేసిన పెద్ద వయసు మెకానిక్ దొరికితే ఈ ముందు భాగమంతా ఆయనకు కొట్టిన పిండి.

టైర్ల సంగతి. ఈ కారుకి కంపెనీ ఇచ్చింది 145 మిల్లీమీటర్ల వెడల్పు రేడియల్, లేదంటే దానికి సరితూగే పాత రకం 5.20-13. చూడ్డానికి బాగుంటుందని 165, 175 వేసి ఉంటే స్టీరింగ్ బరువెక్కడంలో ఆశ్చర్యం లేదు. గాలి కూడా మాన్యువల్ చూసి పెట్టించండి.

ఇక తొడలకు తగలడం గురించి. సీటు ఈమధ్య కుట్టించారా? పాత సీటు అడుగున సాగే రబ్బరు ఉంటుంది, అది పోతే సీట్లు కుట్టేవాళ్లు దాని బదులు మందపాటి ఫోమ్ నింపేస్తారు. మనిషి ఒకటి రెండు అంగుళాలు పైకి లేచి కూర్చుంటాడు, తొడలు రిమ్ముకు ఆనుతాయి. అప్పుడు మార్చాల్సింది సీటు, స్టీరింగ్ కాదు.

ఇంకొకటి, చాలామంది గమనించరు. ఈ కారులో స్టీరింగ్ కాలమ్‌ని ముందుకూ వెనక్కీ జరుపుకోవచ్చు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే కాలమ్‌ని పట్టి ఉంచే క్లాంపులు కనిపిస్తాయి. లోపలి కడ్డీని పట్టి ఉంచే క్లాంపులో అలెన్ స్క్రూ, దాని మీద లాక్‌నట్ ఉంటాయి. అవి వదులు చేసి జరిపి, మళ్లీ బిగించాలి. వీపు సీటుకు పూర్తిగా ఆనించి చెయ్యి చాపండి. మణికట్టు రిమ్ము పైభాగం మీద వాలాలి, భుజం సీటు వదలకూడదు. అలా ఉంటే గడియారంలో తొమ్మిది, మూడు అంకెల చోట పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగి హాయిగా ఉంటాయి. నాకు భుజాల నొప్పి సగం ఇక్కడే పోయింది. ఒక్కటే జాగ్రత్త. గుద్దుకున్నప్పుడు కాలమ్ మన ఛాతీలోకి రాకుండా లోపలికి ముడుచుకునేది ఆ క్లాంపు దగ్గరే. కాబట్టి దాన్ని అందాజుగా బిగించకుండా, మాన్యువల్‌లో చెప్పిన వరుసలో, చెప్పినంత బిగింపుతో బిగించాలి.

ఇవన్నీ చేసి ఓ వారం నడిపాక కూడా మార్చాలనిపిస్తే అప్పుడు సైజు సంగతి. నా పాత స్టీరింగ్‌ని టేపు పెట్టి కొలిస్తే దాదాపు 16 అంగుళాలు. దీన్ని 14 చేస్తే తొడ దగ్గర మీకు దొరికేది వ్యాసం తేడాలో సగం, అంటే ఒక అంగుళం. దానికి బదులు చేతుల మీద పడే బలం 14 శాతం పెరుగుతుంది. 13 చేస్తే 23 శాతం. పవర్ స్టీరింగ్ లేని కారు ఇది. ఖాళీ హైవే మీద ఆ తేడా తెలియదు. కానీ పొట్టంగి దాటి సుంకి దగ్గర హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా లారీ వస్తే, మీరు దాదాపు ఆగి, నెమ్మదిగా తిప్పుకోవాల్సి వస్తుంది. ఆ నెమ్మదిలోనే స్టీరింగ్ అన్నిటికంటే బరువు. 13 అంగుళాలతో అక్కడ రెండు చేతులతో లాగాల్సి వస్తుంది, గేరు మార్చడానికి చెయ్యి మిగలదు. మీరు అడుగుతున్నది సుఖం కోసం కాబట్టి 14 దాటి కిందకు దిగవద్దని గట్టిగా చెబుతున్నాను. తొడలకు తగలడం సీటుతో తీరిపోతే 15 ఇంకా మంచిది, బలం తేడా 7 శాతమే.

మార్క్ 3లో మీటర్లు డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటాయి కాబట్టి ఏ సైజు వేసినా వాటికి అడ్డం రాదు. ఇది చదివే వాళ్లలో మార్క్ 4 ఉన్నవాళ్లు మాత్రం చూసుకోవాలి, అందులో మీటర్లు స్టీరింగ్ వెనకాలే ఉంటాయి.

రిమ్ము మందం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, చేతులకు తెలిసే తేడా అదే. సన్నటి రిమ్ముని తెలియకుండానే గట్టిగా పిసికి పట్టుకుంటాం, ఆ బిగువు మణికట్టు నుంచి భుజం దాకా పాకుతుంది. కాస్త లావుగా, వేళ్లు హాయిగా చుట్టుకునేలా ఉంటే పట్టు దానంతటదే సడలుతుంది. చెక్క రిమ్ము అందం నాకూ ఇష్టమే. కానీ మన ఉక్కపోతలో చెమట చేతికి అది జారుతుంది. తోలుదే మేలు, అందులోనూ మెరిసే పాలిష్ లేనిది. మెరిసే స్పోకులు కూడా వద్దు. టాప్ తీసిన కారు మే నెల ఎండలో నిలబెట్టి వచ్చాక వాటి మీద బొటనవేలు ఆనించలేం. డిష్, అంటే గిన్నెలా లోపలికి దిగి ఉండే లోతు, ఎక్కువున్నది కొంటే రిమ్ము మీ వైపు జరిగి వస్తుంది. కాలమ్ జరిపి కొలత చూసుకున్నాకే డిష్ ఎంత ఉండాలో నిర్ణయించుకోండి.

స్టీరింగ్‌నీ బాస్‌నీ కలిపే కొనండి. బాస్ అంటే కాలమ్ కడ్డీ మీద కూర్చునే మధ్య ముక్క. మోమో కంపెనీ స్టీరింగ్‌లకు బాస్‌కి బిగించే ఆరు రంధ్రాలు 70 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి, నార్డీ కంపెనీ వాటికి 74 మీద. నాలుగు మిల్లీమీటర్లే కదా అని రంధ్రాలను డ్రిల్లుతో సాగదీసే వాళ్లుంటారు, ఒప్పుకోకండి. బాస్ లోపలి పళ్ల లెక్క కూడా కారు తయారైన సంవత్సరాన్ని బట్టి మారుతుంది. అందుకే చాసిస్ నంబరు చెప్పి స్పిట్‌ఫైర్‌కి చేసిన బాసే తెప్పించండి. మారుతీ బాస్ తెచ్చి లేతు మీద కోయించి వెల్డింగ్ పెట్టిస్తామని ఇక్కడ కూడా ఒకరిద్దరు చెప్పారు. స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఉన్న దారిలో వెల్డింగ్ అతుకు ఉన్న కారులో నేను నా ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టను.

విప్పేటప్పుడు బ్యాటరీ తీగ తీసేసి, ముందు చక్రాలు తిన్నగా పెట్టండి. మధ్యలో హారన్ మూత తీస్తే పెద్ద నట్టు కనిపిస్తుంది. దాన్ని బాక్స్ పానాతో వదులు చేయండి, కానీ పూర్తిగా తీయకండి, రెండు మూడు చుట్లు మర మీదే ఉంచండి. కడ్డీకీ బాస్‌కీ సెంటర్ పంచ్‌తో ఎదురెదురుగా చుక్క పెట్టుకోండి. యాభై ఏళ్లు కూర్చున్న స్టీరింగ్ తేలిగ్గా రాదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఉంచి, పొద్దున్న పుల్లర్, అంటే స్టీరింగ్‌ని కడ్డీ మీంచి లాగే పనిముట్టు, తగిలించాం. మా మెకానిక్ పుల్లర్‌ని పావు చుట్టు తిప్పి ఆగుతాడు, ఇంకో పావు చుట్టు తిప్పి ఆగుతాడు. చాలాసేపు ఏమీ కదల్లేదు. ఉన్నట్టుండి ఠప్పున శబ్దం వచ్చి స్టీరింగ్ ఎగిరి నట్టుకు తగిలి ఆగింది. ఆ నట్టు అక్కడ లేకపోతే అది నేరుగా ఆయన మొహానికే. కడ్డీని సుత్తితో మాత్రం ఎవర్నీ కొట్టనివ్వకండి, ముడుచుకునే ఆ కాలమ్ క్లాంపు దగ్గర జారిపోతుంది.

కొత్తది పెట్టాక నట్టు బిగించే ముందే హారన్ మోగుతుందో లేదో, ఇండికేటర్ మలుపు తిరిగాక దానంతటది ఆగుతుందో లేదో చూసుకోండి. కొన్ని బాస్‌లకు ఇండికేటర్‌ని వెనక్కి తన్నే చిన్న మొన ఉండదు. ఘాట్‌లో ప్రతి మలుపుకీ హారన్ కావాలి కాబట్టి ఆ తీగని తాత్కాలికంగా వేలాడదీసి వదిలేయకండి. రోడ్డెక్కాక కారు తిన్నగా పోతున్నప్పుడు స్పోకులు కాస్త వంకరగా కనిపిస్తే, తిరిగి విప్పి ఒక పన్ను అటు జరపండి. అప్పటికీ కుదరకపోతే స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకు అందించే టై రాడ్లు రెండు వైపులా సమానంగా సర్దించాలి.

కాగితాల విషయం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న కారుని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ పెట్రోలుకూ మాత్రమే. మీరు పార్వతీపురం దాకా మామూలుగా నడుపుకోవాలంటే ఉన్న ఆర్‌సీనే గడువు ప్రకారం పొడిగించుకోవడం మేలు. ఆ నిబంధనలో అభ్యంతరం చెప్పింది చాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులకు. స్టీరింగ్ ఆ కోవలోకి రాకపోయినా పాతదాన్ని అమ్మేయకండి. నట్టు, హారన్ మూతతో సహా గుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పడుకోబెట్టి దాచండి. ఎండకు, వేడికి పాత ప్లాస్టిక్ రిమ్ము పగుళ్లిస్తుంది. పాతదాన్నే ఉంచుకోవాలనుకుంటే, రిమ్ము మీద తోలు కుట్టించుకున్నా మందం సమస్య తీరుతుంది. తోలు రిమ్ముకి అతుక్కుని బిగుతుగా ఉండాలి, లోపల జారే రెడీమేడ్ తొడుగు వద్దు.

జాకీ మీద ఎత్తి తిప్పినప్పుడు ఎలా ఉందో, ట్రనియన్ నుంచి ముందుగా ఏ రంగు నూనె వచ్చిందో ఇక్కడే రాయండి. వీపు ఆనించి కూర్చున్నప్పుడు ఛాతీ నుంచి రిమ్ముకి ఎన్ని అంగుళాలో కూడా కొలిచి చెప్తే, ఎంత డిష్ ఉన్నది కొనాలో చూసి చెబుతాను.